ఇండియన్ మీల్ మాత్: పేరులో ఉన్న ఇండియా మన ఇండియా కాదు

వంటగదిలో లైటు వెయ్యగానే అల్మారా పక్క నుంచి లేచి, వంకరటింకరగా నాలుగు చుట్లు తిరిగి, గోడకి అతుక్కుపోయే చిన్న పురుగు మనలో చాలామంది ఇళ్లలో కనిపించేదే. దాన్ని కొందరు చిమ్మట అంటారు, కొందరు రెక్కల పురుగు అంటారు. మా అత్తగారైతే రవ్వ పురుగు అనేస్తారు. నేను ఇక్కడ చిమ్మట అనే మాటే వాడతాను. దీని ఇంగ్లిష్ పేరు ఇండియన్ మీల్ మాత్, శాస్త్రీయ నామం ప్లోడియా ఇంటర్‌పంక్టెల్లా.

ఇది కుట్టదు, కరవదు, మనుషులకి జబ్బులు మోసుకురాదు. కానీ 20 పౌన్ల బియ్యం సంచీ, ఊరి నుంచి అమ్మ పంపిన రాగిపిండి, కాస్ట్‌కోలో కొన్న బాదంపప్పు అన్నీ చెత్తబుట్ట పాలయ్యేలా చేస్తుంది. దీన్ని వదిలించుకోవడానికి వంటగది అంతా స్ప్రే కొట్టి, పది రోజులు పోయాక మళ్లీ కనబడితే మళ్లీ కొట్టేవాళ్లు ఎంతోమంది. ఎగిరే చిమ్మటని ఎంత తరిమినా లాభం లేదు. మన సరుకులు తినేది అది కాదు. ఎందుకో తెలియాలంటే దీని జీవిత చక్రం తెలియాలి. దానికంటే ముందు పేరు సంగతి చూద్దాం. ఆ పేరు మనకి తెచ్చిన చిక్కు చిన్నది కాదు.

ఆ పేరు ఎలా వచ్చింది?

మా అపార్ట్‌మెంట్‌కి పురుగుల మందు కొట్టడానికి వచ్చిన ఆయన ఈ చిమ్మటని చూసి, "ఇది ఇండియన్ మాత్, మీ ఇండియన్ గ్రోసరీస్‌తోనే వస్తుంది, పేరులోనే ఉంది కదా" అన్నాడు. మా పాప అక్కడే ఉంది. ఆయన వెళ్లాక, "మన ఫుడ్ డర్టీ కాబట్టి వస్తుందా అమ్మా?" అని అడిగింది. డిగ్రీలో జువాలజీ చదువుకున్నదాన్ని, ఆ ప్రశ్నకి "కాదు" అని ఊరుకోలేకపోయాను. సంగతేమిటో మొత్తం చదివాను.

ఈ చిమ్మటని మొదట శాస్త్రీయంగా వర్ణించింది యూరప్‌లో. జర్మన్ శాస్త్రవేత్త జాకబ్ హూబ్నర్ 1813లో దీన్ని వర్ణించి ఇంటర్‌పంక్టెల్లా అనే పేరు పెట్టారు. ఇంగ్లిష్ పేరు వచ్చింది అమెరికాలో. న్యూయార్క్ రాష్ట్ర ప్రభుత్వం తరఫున కీటకాల మీద పనిచేసిన ఎసా ఫిచ్ 1856 నాటి నివేదికలో దీనికి ఇండియన్ మీల్ మాత్ అని పేరు పెట్టారు. కారణం, ఆయన దీన్ని చూసింది మొక్కజొన్న పిండిలో.

ఆ రోజుల్లో అమెరికాలో మొక్కజొన్నని ఇండియన్ కార్న్ అనీ, దాని పిండిని ఇండియన్ మీల్ అనీ అనేవాళ్లు. ఇక్కడ ఇండియన్ అంటే అమెరికా మూలవాసులు. మొక్కజొన్న వాళ్లు పండించిన పంట. వాళ్లకి ఇండియన్లు అనే పేరు ఎందుకొచ్చిందో మనకి తెలిసిందే, కొలంబస్ తాను చేరింది ఇండియాకే అనుకున్నాడు. అంటే మన దేశం పేరు మొదట మూలవాసులకి, వాళ్ల నుంచి మొక్కజొన్నకి, మొక్కజొన్న నుంచి ఈ పురుగుకి చేరింది. మూడు చేతులు మారి వచ్చిన పేరు ఇది. మన కందిపప్పుకీ సోనామసూరికీ దీనితో ఏ సంబంధమూ లేదు.

అందుకే అమెరికా కీటక శాస్త్రవేత్తలు చాలాచోట్ల ఇండియన్‌మీల్ అని ఒకే మాటగా కలిపి రాస్తారు. ఇండియన్ అనేది చిమ్మటకి విశేషణం కాదు, పిండికి విశేషణం అని దాని అర్థం. జర్మనీలో ఉన్న మనవాళ్లకి ఈ గొడవే లేదు. అక్కడ దీన్ని ఎండు పళ్ల చిమ్మట అనే అర్థం వచ్చే పేరుతో పిలుస్తారు.

ఎలా గుర్తుపట్టాలి?

పెద్ద చిమ్మట పొడవు 8 నుంచి 10 మిల్లీమీటర్లు, అంటే దాదాపు ఒక బియ్యపు గింజ కన్నా కాస్త ఎక్కువ. రెక్కలు పూర్తిగా విప్పితే ఈ అంచు నుంచి ఆ అంచుకి 16 నుంచి 20 మిల్లీమీటర్లు ఉంటుంది.

గుర్తు పట్టడానికి ముందు రెక్కలు చాలు. రెక్కలో శరీరానికి దగ్గరగా ఉన్న మూడో వంతు లేత బూడిద, గోధుమ పిండి రంగుల మధ్య ఉంటుంది. మిగతా రెండు వంతులు రాగి చెంబు రంగు. రెండు రంగులు కలిసే చోట ముదురు చార ఉంటుంది. కూర్చున్నప్పుడు రెక్కల్ని పెంకుటింటి కప్పులా వంచి ఒంటికి దగ్గరగా పెట్టుకుంటుంది. అప్పుడు చూస్తే రెండు రంగుల చొక్కా తొడుక్కున్నట్టు ఉంటుంది. వెనక రెక్కలు మాత్రం చారలేమీ లేకుండా బూడిద రంగులో ఉంటాయి. పాతబడిన చిమ్మటకి రెక్కల మీద పొలుసులు రాలిపోయి ఆ రాగి రంగు అంత స్పష్టంగా కనబడదు. చేత్తో పట్టుకుంటే వేళ్లకి అంటే మెరుపు పొడి ఆ పొలుసులే.

దీన్ని పోలినవి మరికొన్ని ఉన్నాయి. బాదం చిమ్మట, మధ్యధరా పిండి చిమ్మట రెండూ బూడిద రంగువి, వాటికి రాగి రంగు ఉండదు. మన దేశంలో బియ్యం, జొన్నలు, నువ్వుల్లో పట్టే బియ్యపు చిమ్మట కూడా మట్టి రంగులో ఉంటుంది. ఇవన్నీ పైరాలిడే అనే ఒకే కుటుంబానికి చెందిన చుట్టాలు. వడ్లలో గింజ లోపలే పెరిగి రంధ్రం చేసుకుని బయటికొచ్చే చిమ్మట వేరే కుటుంబానిది.

బట్టల చిమ్మట పూర్తిగా వేరు. దాని పిల్ల పురుగులు తినేది ఉన్ని, పట్టు, ఈకల్లాంటివి. వంటింట్లో రాగి రెక్కల చిమ్మట కనబడిందని పట్టుచీరల గురించి కంగారు పడక్కర్లేదు. చీరల బీరువాలో వేసే కలరా ఉండల్ని మాత్రం వంటింటి అల్మారాలో ఎప్పుడూ పెట్టకండి. ఆ ఆవిరి పీల్చేవాళ్లకి, ముఖ్యంగా చంటిపిల్లలకి హాని చేస్తుంది.

బియ్యంలో కనబడే నల్లటి ముక్కుపురుగు, పిండిలో తిరిగే ఎర్రటి పెంకు పురుగు కూడా వేరే జాతులు. సరుకుని చూస్తే ఏ పురుగు పట్టిందో చాలావరకు తెలుస్తుంది. ముక్కుపురుగు గింజకి కన్నం పెడుతుంది. మన చిమ్మట పిల్ల పురుగు సాలెగూడులాంటి సన్నటి దారాలు అల్లుతుంది. రవ్వ ఉండలు కట్టి, ఉండని పైకెత్తితే దానికి దారాలు వేలాడుతుంటే, అది చిమ్మట పనే.

ఎక్కడెక్కడ ఉంది?

అంటార్కిటికా తప్ప అన్ని ఖండాల్లోనూ ఉంది. అమెరికా, కెనడా, బ్రిటన్, యూరప్, ఆస్ట్రేలియా, గల్ఫ్, దక్షిణాఫ్రికా, మన ఇండియా, ఏ దేశాన్నీ వదల్లేదు. దీన్ని ప్రపంచమంతా తిప్పింది ఏ ఒక్క దేశపు వంటా కాదు, ధాన్యం, ఎండు పళ్లు, గింజల వ్యాపారం. కాలిఫోర్నియా బాదం, కిస్మిస్ గోదాముల్లో, గల్ఫ్ ఖర్జూరాల్లో, యూరప్ చాక్లెట్ ఫ్యాక్టరీల్లో దీనితో తంటాలు పడుతూనే ఉంటారు. వేడి, తేమ రెండూ ఎక్కువగా ఉండే చోట్ల మాత్రం చుట్టాలైన బియ్యపు చిమ్మట, బాదం చిమ్మటల జోరు ఎక్కువ.

చలి దేశాల్లో ఆరు బయట బతకడం దీనికి కష్టం. కానీ మనం హీటర్ వేసుకున్న ఇల్లు దీనికి ఏడాది పొడుగునా వసంతకాలమే. హీటింగ్ లేని గోదాముల్లో అయితే పిల్ల పురుగులు ఎదుగుదల ఆపేసుకుని, చలికాలం గడిచేదాకా గూట్లో నిద్రపోయినట్టు ఉండిపోతాయి. పగటి వెలుతురు తగ్గి, చలి పెరగడమే వాటికి సంకేతం.

ఇక్కడ ఇంకో గందరగోళం కూడా తీరిపోవాలి. ఇండియా నుంచి వచ్చేటప్పుడు అమెరికా ఎయిర్‌పోర్టులో బియ్యం తీసేసుకుంటారు కదా, అది ఈ చిమ్మట కోసం కాదు. అది ఖప్రా అనే పెంకు పురుగు భయంతో. అమెరికాలో స్థిరపడకుండా వాళ్లు ఆపాలని చూస్తున్న పురుగు అది. ఇండియన్ మీల్ మాత్ అయితే అమెరికాలో 1856కి ముందు నుంచే ఉంది. అప్పటికి ఇక్కడ ఇండియన్ స్టోర్ అనేదే లేదు.

గుడ్డు నుంచి చిమ్మట దాకా

దీని జీవితంలో నాలుగు దశలు: గుడ్డు, లార్వా, ప్యూపా, చిమ్మట.

ఒక ఆడ చిమ్మట 60 నుంచి 400 దాకా గుడ్లు పెడుతుంది. ప్యూపాలోంచి బయటికొచ్చి జత కట్టిన మొదటి మూడు నాలుగు రోజుల్లోనే చాలావరకు పెట్టేస్తుంది. తినే సరుకు మీద గానీ, దాని వాసన వచ్చే సంచీ మడతల్లో గానీ పెడుతుంది. గుడ్డు అర మిల్లీమీటరు లోపే ఉంటుంది, రంగు తెలుపు. బొంబాయి రవ్వలో అది ఉందో లేదో మన కళ్లు చెప్పలేవు. వెచ్చదనాన్ని బట్టి రెండు రోజుల నుంచి రెండు వారాల లోపు పొదుగుతుంది.

గుడ్డులోంచి వచ్చే పిల్ల పురుగు ఒక మిల్లీమీటరు పొడవు ఉంటుంది. అర మిల్లీమీటరు కన్నా చిన్న సందులోంచి కూడా దూరిపోగలదు. తిప్పి మూసే మూతల మర వెంట పాక్కుంటూ లోపలికి పోగలదు. ప్యాకెట్ కుట్టు దగ్గర ఉండే చిన్న చిల్లు దానికి చాలు. పాల తెలుపు ఒళ్లు, గోధుమ రంగు తల దీని గుర్తులు. తిన్న తిండిని బట్టి ఒళ్లు కొంచెం గులాబీ గానో పచ్చ గానో కూడా మారుతుంది. అయిదు నుంచి ఏడు దశల్లో ఎదుగుతూ, దశ దశకీ కుబుసం విడుస్తూ, 12 మిల్లీమీటర్ల దాకా పెరుగుతుంది. నోటి దగ్గర నుంచి వచ్చే పట్టు దారంతో తను తిరిగిన చోటల్లా అల్లిక అల్లుతుంది. ఆ అల్లికలో దాని రెట్టలు, విడిచిన కుబుసాలు చిక్కుకుంటాయి. సరుకు పాడవడం అంటే ఇదే. అది తిన్న గింజల కన్నా పాడుచేసేవి ఎక్కువ.

నాలుగు దశల్లోనూ మన సరుకు తినేది ఈ ఒక్క దశే. వెచ్చగా ఉండి మంచి తిండి దొరికితే రెండు మూడు వారాల్లో ముగుస్తుంది. చలిగా ఉంటే నెలల తరబడి సాగుతుంది.

పూర్తిగా ఎదిగిన లార్వా చేసే పని మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. అది తిండిని వదిలేసి దూరంగా నడిచి పోతుంది. గోడ ఎక్కి, సీలింగ్ మూలకి చేరి, లేదా అల్మారా కీలు వెనక, అరలు నిలబెట్టే మేకుల రంధ్రాల్లో, డబ్బా మూత అంచు కింద గూడు కట్టుకుంటుంది. అందుకే సీలింగ్ మీద పాకే తెల్ల పురుగుని చూసి పైకప్పులో ఏదో ఉందనుకుంటాం. నిజానికి అది కింద ఉన్న పప్పు డబ్బాలోంచో అటుకుల ప్యాకెట్‌లోంచో బయల్దేరింది.

గూట్లో ప్యూపాగా మారి, వెచ్చటి ఇంట్లో వారం పది రోజుల్లో, చల్లగా ఉంటే రెండు మూడు వారాల్లో చిమ్మటగా బయటికి వస్తుంది. ఈ చిమ్మట ఏమీ తినదు. లార్వాగా తిన్నదే దాని జన్మకి సరిపడే కూడు. వారం నుంచి రెండు వారాలు బతుకుతుంది. సాయంత్రం చీకటి పడ్డాక ఎగురుతుంది. ఆడ చిమ్మట ఒక రకమైన వాసన విడుస్తుంది, మగవి ఆ వాసన పట్టుకుని దాన్ని వెతుక్కుంటూ వస్తాయి.

గుడ్డు నుంచి చిమ్మట దాకా మొత్తం 30 డిగ్రీల సెల్సియస్ దగ్గర నాలుగు వారాల్లో అయిపోతుంది. 20 డిగ్రీల దగ్గర రెండు నెలలు దాటుతుంది. ఒక చిన్న లెక్క వేసి చూద్దాం. ఒక చిమ్మట 200 గుడ్లు పెడితే, అందులో 20 మాత్రమే బతికాయనుకుందాం. వాటిలో సగం ఆడవి. ఆ పది చిమ్మటలూ తలా 200 పెడితే మరుసటి తరానికి 2,000 గుడ్లు. మొదటి నెలలో ఒక్కటే ఎగురుతుంటే పట్టించుకోం. పట్టించుకునే వేళకి మూడో తరం నడుస్తుంటుంది.

ఏమేం తింటుంది?

గింజలోకి దూరకుండా బయట నుంచి తినే పురుగు ఇది. అందుకని గట్టిగా ఉన్న పూర్తి గింజ కన్నా నూక, రవ్వ, పిండి, తవుడు ఉన్నవి దీనికి ఇష్టం. పాలిష్ పట్టిన తెల్ల బియ్యం కన్నా దంపుడు బియ్యంలో బాగా పెరుగుతుంది. బొంబాయి రవ్వ, ఇడ్లీ రవ్వ, రాగిపిండి, శనగపిండి, సేమ్యా, అటుకులు, కొర్రలు, సామలు, పల్లీలు, జీడిపప్పు, కిస్మిస్, ఖర్జూరం, చాక్లెట్ అన్నీ దీనికి విందే. ఎండుమిర్చిని కూడా వదలదు. బియ్యంలో నాలుగు ఎండుమిరపకాయలు వేస్తే పురుగు పట్టదని మనకో నమ్మకం ఉంది. ఈ పురుగు మిరపకాయలోనే కాపురం పెడుతుంది.

వంటింటి బయట ఉన్నవి మనకి గుర్తురావు. పక్షులకి వేసే గింజలు, కుక్క బిస్కెట్లు, పిల్లలు మాకరోనీ అతికించి చేసిన బొమ్మలు, ఎండు పూల అలంకరణలు. మన ఇళ్లలో అయితే దేవుడి గది కూడా చూడాలి. గృహప్రవేశం నాటి నవధాన్యాలు, బొమ్మల కొలువు గింజలు, పెళ్లి తలంబ్రాలు గుర్తుగా దాచుకున్న డబ్బా, ఎండుకొబ్బరి చిప్పలు, వాయనాల్లో వచ్చిన శనగలు. వంటిల్లంతా కడిగినా చిమ్మటలు ఆగలేదంటే మూలం ఇలాంటి చోటే ఉంటుంది. మా ఇంట్లో అది చివరికి బాల్కనీ స్టోర్‌లో, ఇక్కడి సూపర్ మార్కెట్లో కొన్న పక్షుల గింజల సంచీలో దొరికింది. మా పాపకి ఆ సంచీ చూపించాను.

ప్లాస్టిక్‌ని కొరికే పురుగు

పలచటి ప్లాస్టిక్ సంచీ, అట్టపెట్టె దీనికి అడ్డం కాదు. లార్వా కొరికి కన్నం చేసేస్తుంది. ఈ గుణాన్ని గమనించిన చైనా శాస్త్రవేత్తలు దాని పేగుల్లోంచి రెండు రకాల బాక్టీరియాని వేరుచేసి, అవి పాలిథీన్ పొరని కొంతమేర శిథిలం చేయగలవని 2014లో ప్రచురించారు. ప్లాస్టిక్ చెత్తకి విరుగుడు వెతికేవాళ్లు ఆ దారిలో ఇంకా పనిచేస్తున్నారు.

మన పత్తి రైతులకి సంబంధించిన పాఠం ఒకటి కూడా ఈ పురుగే ముందుగా చెప్పింది. బీటీ అనే మట్టి బాక్టీరియాతో చేసిన మందుకి పురుగులు అలవాటు పడవని ఒకప్పుడు నమ్మేవాళ్లు. అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రవేత్త విలియం మెక్‌గాహీ ధాన్యం నిల్వల్లోని ఈ చిమ్మటల్ని ఆ మందు కలిపిన తిండి మీద తరతరాలుగా పెంచి చూశారు. రెండు తరాల్లోనే తట్టుకునే శక్తి దాదాపు 30 రెట్లు, 15 తరాలకి 100 రెట్లు పెరిగిందని 1985లో సైన్స్ పత్రికలో రాశారు. ఇండియాలో బీటీ పత్తికి అనుమతి వచ్చింది 2002లో. తర్వాత గులాబీ రంగు పురుగు బీటీ పత్తిని తట్టుకుని మన తెలుగు రాష్ట్రాల చేలల్లో చేసిన నష్టం అందరికీ తెలుసు. అది కూడా చిమ్మట జాతి పురుగే.

దీని చుట్టమైన బియ్యపు చిమ్మట మాత్రం మన రైతుకి మేలు కూడా చేస్తోంది. ల్యాబుల్లో దాన్ని నూకల మీద కావాలని పెంచి, దాని గుడ్లతో ట్రైకోగ్రామా కార్డులు తయారు చేస్తారు. కోనసీమలో కొబ్బరి ఆకుల్ని తినే నల్ల తల గొంగళి పురుగు మీదికి వదిలే బ్రాకన్ బదనికల్ని కూడా ఆ చిమ్మట పిల్ల పురుగుల మీదే పెంచుతారు. ఆ బ్రాకన్ జాతిలోని హెబెటర్ అనే చిన్న కందిరీగ మన వంటింటి చిమ్మటకి కూడా శత్రువే.

ఇంట్లో ఏం చేయాలి?

మొదటి పని మూలం పట్టుకోవడం. ప్రతి ప్యాకెట్‌నీ వెలుతురులో చూడండి. మూలల్లో దారాలు, ఉండలు, మూత అంచు కింద గూళ్లు ఉన్నాయేమో వెతకండి. దారాలు బాగా అల్లుకున్నవి కవరులో గట్టిగా కట్టి, అదే రోజు ఇంటి బయట చెత్తలో పడేయండి. పొరపాటున ఒకటి రెండు పురుగులు వంటలో పడినా విషమేమీ కాదు కాబట్టి భయపడక్కర్లేదు.

రెండోది, అనుమానం ఉన్న వాటిని ఫ్రీజర్‌లో పెట్టడం. సున్నా ఫారెన్‌హీట్, అంటే సుమారు మైనస్ 18 డిగ్రీల సెల్సియస్ దగ్గర వారం రోజులు ఉంచితే గుడ్లతో సహా అన్ని దశలూ చస్తాయి. పెద్ద సంచీని అలాగే పెడితే నడిమధ్య దాకా చలి చేరడానికి చాలా సమయం పడుతుంది, చిన్న చిన్న ప్యాకెట్లుగా చెయ్యండి. బయటికి తీశాక గది వేడికి వచ్చేదాకా విప్పకండి, లేకపోతే పిండిలో చెమ్మ చేరుతుంది. మన ఊళ్లో మేడ మీద ఎండబోసే పద్ధతి కూడా ఇలాంటిదే, అక్కడ వేడి చేసే పని ఇక్కడ చలి చేస్తుంది. రవ్వని వేయించి దాచుకునే అలవాటు కూడా మంచిదే. కానీ అది అప్పటికి లోపల ఉన్నవాటిని చంపుతుంది, తర్వాత వచ్చే చిమ్మటని ఆపదు. మూత గట్టిగా ఉండాల్సిందే.

మూడోది, అరల్ని వ్యాక్యూమ్ చేయడం. మేకుల రంధ్రాలు, కీళ్లు, అరల కింద పరిచిన కాగితం, సీలింగ్ మూలలు, ఏదీ వదలకండి. వ్యాక్యూమ్ సంచీని వెంటనే బయట ఖాళీ చెయ్యండి. తర్వాత సబ్బునీళ్లతో తుడిచి బాగా ఆరనివ్వండి. తిండి ఉన్న అల్మారాలో స్ప్రేలు కొట్టకండి. అవి ప్యాకెట్ లోపల ఉన్న గుడ్లకీ లార్వాలకీ చేరవు, మన గిన్నెలకి మాత్రం చేరతాయి. బియ్యంలో బోరిక్ పౌడర్ కలపడం కూడా మానేయండి. కందిపప్పుకి ఆముదం పట్టించడం పప్పుల్లో పట్టే పెంకు పురుగుల మీద బాగా పనిచేసే పాత పద్ధతి. పిండికీ రవ్వకీ అది కుదరదు.

నాలుగోది డబ్బాలు. రబ్బరు రింగు ఉన్న గాజు జాడీలు, గట్టి ప్లాస్టిక్ డబ్బాలు మేలు. ఒక డబ్బాలో పాతది అడుగున ఉండగా కొత్తది పైన పొయ్యకండి, ఖాళీ చేసి కడిగి ఆరబెట్టాకే నింపండి.

ఇక జిగురు ట్రాప్‌లు. వాటిలో ఆడ చిమ్మట వాసన ఉంటుంది, అందుకే మగవే వచ్చి అతుక్కుంటాయి. గుడ్లు పెట్టే ఆడవి రావు. కాబట్టి ట్రాప్ వైద్యం కాదు, థర్మామీటర్ లాంటిది. ఒకటి పెట్టి, వారం వారం ఎన్ని పడ్డాయో లెక్క రాసుకోండి. సంఖ్య తగ్గుతుంటే మూలం పోయినట్టు. తగ్గకపోతే ఇంకెక్కడో ఉంది, మళ్లీ వెతకాలి. శుభ్రం చేశాక కూడా గోడల మీద మిగిలిన ప్యూపాల్లోంచి కొన్ని చిమ్మటలు వస్తాయి. వాటిని చూసి నిరాశపడకండి. కనీసం ఎనిమిది వారాలు గమనించి, ఆ తర్వాతే పోయిందని నమ్మండి.

వేసవి సెలవుల్లో ఇండియా వెళ్లేవాళ్లు దీన్ని ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవాలి. ఏసీ తగ్గించి, తలుపులు వేసి ఆరు వారాలు ఊరెళ్లడం అంటే ఈ చిమ్మటకి ఒక తరం పూర్తి కావడానికి సరిపడా వేడి, సరిపడా సమయం ఇచ్చి వెళ్లడమే. ప్రయాణానికి వారం ముందు పిండ్లు, రవ్వలు, జీడిపప్పు ఫ్రీజర్‌లోకి మార్చండి. విప్పిన ప్యాకెట్లు అల్మారాలో వదలకండి. దేవుడి గదిలో నవధాన్యాల డబ్బా ఒకసారి తెరిచి చూడండి.